కుప్పయ్య కాలు, గ్రేసీ సిస్టర్ కోపం

ఆ మంగళవారం పొద్దున గ్రేసీ సిస్టర్‌కు కోపం తెప్పించినది ఒక చిన్న ప్రశ్న. అడిగిన మనిషికి ఆమెను కోప్పడేలా చేయాలన్న ఉద్దేశమేమీ లేదు. పాపం, మంచం మీద పడుకుని, బేస్తవారానికల్లా ఇల్లు చేరతానా లేదా అని లెక్క వేసుకుంటున్నాడంతే.

చిత్తూరు దగ్గర ఒక సర్కారు ఆస్పత్రి అది. అందులో మగవాళ్ల సర్జరీ వార్డు. నలభై మంచాలు, యాభై ఐదు మంది రోగులు. మంచం దొరకనివాళ్లు గోడ పక్కన చాపల మీద ఉంటారు. గ్రేసీ ఆ వార్డులో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సు. మొత్తం ఉద్యోగం ఇరవై ఆరేళ్లు. కార్వేటినగరం పక్క పల్లెలో పుట్టింది. నాయన ఏబెల్ కుట్టు మిషన్ తొక్కి, ఆదివారం చర్చిలో పాటలు పాడించి, ఉన్న ఒక్క కూతుర్నీ నర్సు చదివించాడు. పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్లు లేరు. నోటికి మాత్రం అందరూ వంక పెట్టారు. రోగిని మంచం నెంబరుతో పిలిస్తే ఆమెకు ఒళ్లు మండేది. "పదిహేడో నెంబరు గాదు, ఆయనకొక పేరుండాది" అని హౌస్ సర్జన్లను నలుగురిలో నిలదీసేది. ఆ నోటి పుణ్యమా అని అప్పటికే మూడు బదిలీలు అయ్యాయి.

కుప్పయ్య ఆ వార్డుకు వచ్చి అప్పటికి పదకొండు రోజులు. వయసు యాభై ఎనిమిది. మామిడి తోటల్లో కాయ దించే పని. చివర వల సంచిలాంటి చిక్కం కట్టిన గడ చేతిలో పట్టుకుని, చిటారు కొమ్మ దాకా ఎక్కి, కాయకు దెబ్బ తగలకుండా దించడంలో ఆ చుట్టుపక్కల ఊళ్లలో అతని తర్వాతే ఎవరైనా. ఏప్రిల్‌లో అరికాల్లో ముల్లు దిగింది. షుగరు ఉన్న ఒళ్లు కావడంతో నొప్పి తెలియలేదు. తెలిసేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. పసరు కట్టాడు, మందుల షాపులో అడిగి మాత్రలు మింగాడు. చివరికి పెళ్లాం శకుంతలమ్మ పోరు పడలేక ఆస్పత్రికి వచ్చాడు. రోజూ కట్టు విప్పి కడిగి మళ్లీ కట్టేవాళ్లు. వాసన మాత్రం రోజురోజుకూ ఎక్కువైంది.

గ్రేసీ రెండు రోజులు సెలవు పెట్టి ఆ మంగళవారమే డ్యూటీకి వచ్చింది. వచ్చీ రాగానే థియేటరుకు పోవలసినవాళ్ల జాబితా చూసింది. రెండో పేరు కుప్పయ్యది. అతని కాలి మీది వెంట్రుకలు గొరిగించి, గౌను తొడిగించి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా అని అడుగుతుండగా అతను ఆ ప్రశ్న వేశాడు.

"సిస్టరమ్మా, ఈ పొద్దు కాలు కడిగేస్తే బేస్తవారానికి పంపించేస్తారా? పెద్దతోటలో కోత పెట్టుకోనుండారు. నేను లేకుంటే పైకొమ్మల కాయ దించేవాళ్లు లేరు."

గ్రేసీ చేతిలోని కత్తెర ట్రేలో పెట్టేసింది. ఈ రోజు ఏం చేస్తారని నీకు చెప్పినారు అని అడిగింది. మత్తు సూది వేసి, లోపల్దాకా బాగా కడిగి, కాలు బాగు చేస్తారని చెప్పినట్టు అతను తాపీగా చెప్పాడు. ఎవరు చెప్పారో గుర్తు లేదు. ఎవరో చిన్న డాక్టరు, నిన్న సాయంత్రం వేగంగా వచ్చి, బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించుకుని అంతే వేగంగా వెళ్లిపోయాడు.

గ్రేసీ కేస్ షీట్ తీసి చూసింది. మోకాలి కింద నుంచి కాలు తొలగించాలని ఇంగ్లీషులో రాసి ఉంది. దాని వెనక సమ్మతి పత్రం. నీలి రంగు వేలిముద్ర, కాస్త అలుక్కుపోయి. ముద్ర పైన అచ్చులో తెలుగు వాక్యం: 'చికిత్స యొక్క స్వభావము, దాని వలన కలుగు నష్టములు రోగికి అర్థమగు భాషలో వివరించబడినవి.' వివరించబడినవి. ఎవరు వివరించారో ఆ వాక్యంలో లేదు. ఎప్పుడు వివరించారో లేదు. తనంతట తానే జరిగిపోయిన పనిలా అచ్చు వేసి పెట్టారు.

కాలు తీసేస్తారని ఆస్పత్రిలో డాక్టర్లకు తెలుసు, నర్సులకు తెలుసు, థియేటరులో రంపం సిద్ధం చేసినవాడికి తెలుసు. పక్క మంచం రోగికి కూడా ఎంతో కొంత తెలుసేమో. ఎవరి కాలు తీస్తారో ఆ మనిషి ఒక్కడికే తెలియదు. మత్తు దిగాక దుప్పటి ఎత్తి చూసుకుని తెలుసుకోవాలి కాబోలు. గ్రేసీకి చెవులు వేడెక్కాయి.

ఈలోగా స్ట్రెచర్ వచ్చేసింది. మొదటి ఆపరేషన్ అయిపోయిందని, సార్ పిలుస్తున్నాడని వార్డు ఆయా తిరుమలమ్మ కబురు తెచ్చింది. గ్రేసీ స్ట్రెచర్ కడ్డీ మీద చెయ్యి వేసి, ఇది ఇక్కడి నుంచి కదిలితే ఊరుకోనని తిరుమలమ్మకు చెప్పి, తానే థియేటరు వైపు నడిచింది.

సర్జన్ ధనంజయ చేతులు కడుక్కునే చోట ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. హస్తవాసి మంచిదని పేరు. దుర్మార్గుడని ఎవరూ అనరు, గ్రేసీ కూడా అనదు. పొద్దున ఓపీలో నూట యాభై మందిని చూసి, మధ్యాహ్నం దాకా కత్తి పట్టుకుని, మళ్లీ రౌండ్స్‌కు వచ్చేవాడు. కానీ ఆ రౌండ్స్‌లో అతను కాళ్లనూ కడుపులనూ చూసేవాడే తప్ప ముఖాలను చూడడం ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"కన్సెంట్ ఉంది కదా సిస్టర్, ఇంకా పంపలేదేం?" అన్నాడు.

"ముద్ర ఉండాది సార్. కాలు తీస్తారని మాత్రం ఆయనకు తెలీదు. కడుగుతారనుకుంటా ఉండాడు."

అతను నీళ్ల కింద చేతులు ఆపాడు. తర్వాత మళ్లీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు. చీము పైకి పాకుతోందని, ఆలస్యమైతే మోకాలు పోతుందని, ఆ తర్వాత ప్రాణం పోతుందని, మత్తు డాక్టరు ఒంటిగంటకు వెళ్లిపోతాడని, ఇంకా నాలుగు కేసులున్నాయని వరసగా చెప్పాడు. చెప్పిన ప్రతి మాటా నిజమే. అది గ్రేసీకీ తెలుసు. కాలు తీయవద్దని తాను అనడం లేదని, తీసే ముందు చెప్పమంటున్నానని అంది.

"మీరే చెప్పి పంపండి. ఐదు నిమిషాల్లో."

"కోసేది మీరు సార్. చెప్పాల్సిందీ మీరే."

ప్రతి రోగి దగ్గరా కూర్చుని కథలు చెప్పడానికి తనకు టైం లేదని అతను విసుగ్గా అన్నాడు. అలాగైతే మూడో కేసు ముందు చేసుకోండి, కుప్పయ్యను నేను పంపను అని గ్రేసీ అంది. థియేటరులో ఉన్నవాళ్లంతా గాజుగుడ్డలు సర్దుతున్నట్టు తలలు వంచుకున్నారు. అతను మూడో కేసును తెమ్మని కేకేశాడు.

ఆమె తిరిగి వార్డుకు వస్తూ శకుంతలమ్మ కోసం వెతికింది. రౌండ్స్ టైమని సెక్యూరిటీ వాళ్లు బంధువులందరినీ బయటికి తరిమారు. శకుంతలమ్మ కుళాయి దగ్గర, మొగుడి లుంగీ ఉతుక్కుంటూ కనిపించింది. ఆపరేషన్ అని మాత్రమే ఆమెకు తెలుసు. గ్రేసీ ఆమెను సెక్యూరిటీ వాడి కళ్ల ముందే లోపలికి తీసుకొచ్చింది. వాడు అడ్డం రాబోయి, ఆమె ముఖం చూసి తప్పుకున్నాడు.

డాక్టరు చెప్పవలసిన మాట. కానీ గౌను తొడిగి, కడుపు మాడ్చి, మనిషిని అలా ఏమీ తెలియకుండా ఎంతసేపు పడుకోబెట్టగలరు? గ్రేసీ మంచం అంచున కూర్చుంది. కూర్చునే ముందు గడియారం చూసుకుంది, తర్వాత నోట్స్‌లో రాయాలని. తొమ్మిదీ నలభై.

అలా కూర్చున్నప్పుడు ఆమెకు నాయన జ్ఞాపకం వచ్చాడు. ఏబెల్‌కు కడుపులో పుండు ముదిరి కేన్సరైందని డాక్టర్లకు తెలిసినప్పుడు ఆమె నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది. చెబితే కుంగిపోతాడు, గ్యాసని చెప్పండి అన్నారు పెద్దవాళ్లు. అందరూ గ్యాసనే చెప్పారు. ఆమె కూడా చెప్పింది. ఏబెల్ చివరి వారం దాకా వాము నీళ్లు తాగుతూ, తగ్గాక కుట్టి ఇస్తానని జనం దగ్గర గుడ్డలు తీసుకుంటూనే ఉన్నాడు. పోయే రెండు రోజుల ముందు కూతురి ముఖం చూసి, "నీకు తెలుసునా అమ్మా?" అని అడిగాడు. ఆమె తల వంచుకుంది. ఆ తల వంపు ఇన్నేళ్లయినా ఆమె మెడలోంచి పోలేదు.

"కుప్పయ్యన్నా, నీకు ఈ పొద్దు కాలు కడగరు. తీసేస్తారు" అంది.

ఎందుకు తీయాలో చెప్పింది. షుగరు వల్ల నెత్తురు కిందికి దిగడం లేదని, చచ్చిన కండ బతికిన కండను కూడా తినేస్తోందని, ఆగితే ప్రాణానికే వస్తుందని చెప్పింది. శకుంతలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుప్పయ్య దుప్పటి తీయమన్నాడు. తన కాలును తానే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"యాడి దాకా?"

గ్రేసీ అతని కాలి మీద, మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో చెయ్యి పెట్టింది. ఈడి దాకా, మోకాలు ఉంటుంది అంది.

"మోకాలుంటే సెట్టెక్కొచ్చునా?"

ఎక్కొచ్చులే అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎక్కలేవన్నా. నడవొచ్చు. కట్టెకాలు పెట్టుకుని నడవొచ్చు. సెట్టు మాత్రం ఎక్కలేవు."

అప్పుడు కుప్పయ్యకు కోపం వచ్చింది. ఆ కోపం చూసి గ్రేసీకి ఎందుకో ఊపిరి తేలికైంది. అతను గొంతు పెంచలేదు.

"పదకొండు దినాలుగా ఈడనే పడుండా గదమ్మా. నాకు సెవులుండాయి, నోరుండాది. మామిడి సెట్టు ఎండుకొమ్మ కొట్టాలన్నా తోటాయన్ని అడిగి కొడతాము మేము. నా కాలు కొట్టేదానికి నన్ను అడగబళ్లేదా?"

గ్రేసీ ఆస్పత్రి తరపున తానే తప్పయిందని ఒప్పుకుంది. కాలు కోసే ఆ డాక్టరు సారు వచ్చి తన ముఖం చూసి చెప్పేదాకా, ఆ ముద్ర తనది కాదని కుప్పయ్య అన్నాడు. ఆమె గడియారం చూసింది. తొమ్మిదీ యాభై ఒకటి. నర్సు నోట్స్‌లో రాసింది: రోగికి ఆపరేషన్ సంగతి మొదటిసారిగా చెప్పడమైనది. పట్టిన సమయం పదకొండు నిమిషాలు. ఆపరేషన్ చేసే డాక్టరు వచ్చి మాట్లాడాలని రోగి కోరుతున్నాడు. కింద సంతకం చేసి ఆ కాగితాన్ని థియేటరుకు పంపింది.

పదకొండున్నరకు ధనంజయ వచ్చాడు. ఆకుపచ్చ గౌను మీదే వచ్చాడు. వచ్చింది మాట్లాడడానికి కాదు, అరవడానికని నడకలోనే తెలుస్తోంది. అతను మంచం పక్కన నిలబడి, ఏం పెద్దాయనా, నీకు బతకాలని లేదా అన్నాడు.

కుప్పయ్య తల ఎత్తి, పక్కనున్న స్టూలు చూపించాడు. "కూసో సారూ" అన్నాడు. తన ఇంటి అరుగు మీద కూర్చోమన్నట్టు అన్నాడు.

డాక్టరు ఆ స్టూలు వంక, గ్రేసీ వంక, చుట్టూ చూస్తున్న యాభై మంది వంక చూశాడు. కూర్చున్నాడు. కూర్చున్నాక అతని ముఖం కుప్పయ్య ముఖం ఎత్తుకు వచ్చింది. కుప్పయ్య అడిగినవి రెండే మాటలు. వేళ్ల వరకే తీస్తే సరిపోదా అని ఒకటి. ధనంజయ మొదట విసుగ్గా, తర్వాత కొంచెం నిదానంగా జవాబు చెప్పాడు. వేళ్ల వరకు తీసినా పుండు మానదని, అక్కడికి నెత్తురు రావడం లేదని, నెల తిరక్కుండా మళ్లీ కోయాల్సి వస్తుందని, అప్పటికి మోకాలు దక్కదని తన కాలి మీదే చెయ్యి పెట్టి చూపించాడు.

తర్వాత కుప్పయ్య రెండోది అడిగాడు.

"నీ కాలే అయితే ఏం సేస్తావు సారూ?"

ధనంజయ చేతి తొడుగు ఒకటి విప్పి మడిచాడు.

"తీయించుకుంటాను. ఈ రోజే" అన్నాడు.

"అట్లయితే తియ్యి."

గ్రేసీ కొత్త పత్రం తెచ్చింది. వెనక నిలబడిన హౌస్ సర్జన్ ఇంకు ప్యాడ్ మూత తీసి, అలవాటు కొద్దీ కుప్పయ్య బొటనవేలు పట్టుకోబోయాడు. కుప్పయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెన్ను అడిగాడు. కాగితం పొట్ట మీద పెట్టుకుని, అచ్చు వాక్యాన్ని వేలు పెట్టి కూడబలుక్కుని పైకి చదివాడు. వివరించబడినవి దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ చదివి, "ఇప్పుడు సరే" అన్నాడు. కింద మూడక్షరాలూ పెద్దవిగా, వంకర లేకుండా కుప్పయ్య అని రాశాడు. ఎప్పుడో ఊరి రాత్రి బడిలో నేర్చుకున్న చదువట. చదువు వచ్చునా అని పదకొండు రోజుల్లో ఒక్కరూ అడగలేదు. మాసిన లుంగీ, కాయల జిగురుకు నల్లబడిన వేళ్లు చూసి ఇంకు ప్యాడ్ తీశారు. అడగనివాళ్లలో తానూ ఉన్నానని తెలిసి గ్రేసీకి సిగ్గేసింది. ఆ సిగ్గు కోపాన్ని ఇంకా పెంచింది.

పన్నెండున్నరకు కుప్పయ్య కాలు తీశారు. ఆపరేషన్ బాగా జరిగింది. ధనంజయ చేతిలో ఎప్పుడూ బాగానే జరుగుతుంది. మోకాలు దక్కింది, ప్రాణం దక్కింది. ఇరవై రోజులకు అతను చంక కర్రల మీద ఇంటికి వెళ్లాడు.

గ్రేసీకి మెమో మాత్రం మూడో రోజుకే వచ్చింది. థియేటరు పనికి ఆటంకం కలిగించినందుకు, పై అధికారి మాట ధిక్కరించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. తోటి నర్సులు భోజనాల గదిలో ఆమె చేసింది మంచిపనే అన్నారు. ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమంటే, పిల్లల చదువులున్నాయి అక్కా అన్నారు. సూపరింటెండెంట్ సుబ్రమణ్యం పిలిపించుకుని, కుర్చీ చూపించి, పెద్దరికంగానే మాట్లాడాడు. ఆమె పనితనం మీద తనకు గౌరవముందన్నాడు. ప్రతి రోగికీ అన్నీ వివరిస్తూ కూర్చుంటే ఇంత పెద్ద ఆస్పత్రి నడుస్తుందా అమ్మా అన్నాడు.

"పదకొండు నిమిషాలు సార్. నోట్స్‌లో రాసినాను. ఆ పదకొండు నిమిషాలు లేకుండా నడిచేదాన్ని మీరు ఆస్పత్రి అనండి, నేననను" అంది గ్రేసీ.

ధనంజయను కూడా విచారణలో అడిగారు. అతను అబద్ధం చెప్పలేదు. తాను చెప్పలేదని, తన కింది హౌస్ సర్జన్ చెప్పాడో లేదో కనుక్కోలేదని ఒప్పుకున్నాడు. అయినా సిస్టర్ మాట్లాడిన తీరు సరికాదని చేర్చాడు. ఫైలులో చివరి మాట ఒక్కటే నిలిచింది. చెప్పని డాక్టర్లకు ఏమీ కాలేదు. ముద్ర వేయించిన హౌస్ సర్జన్ పేరైనా ఎవరూ రాయలేదు. చెప్పిన నర్సును మాత్రం పలమనేరు వైపు ఒక ఆస్పత్రికి, అదీ మందుల స్టోరుకు డిప్యుటేషన్ మీద పంపారు. రోగులు లేని చోటైతే ఈమెకు గొడవ పడడానికి మనుషులు దొరకరని ఎవరో తెలివిగా ఆలోచించినట్టున్నారు. ఇరవై ఆరేళ్లు రోగుల మధ్య తిరిగిన మనిషి సెలైన్ పెట్టెలు లెక్కపెడుతూ కూర్చుంది.

అప్పుడప్పుడూ తిరుమలమ్మ ఫోన్ చేసేది. ధనంజయ సారు ఈమధ్య కోత కేసులకు ముందు స్టూలు లాక్కుని కూర్చుంటున్నాడని ఒకసారి చెప్పింది. అందరి దగ్గరా కాదట, కొందరి దగ్గర. గ్రేసీ సంతోషిస్తుందని ఆమె అనుకుంది. ఆ కొందరు ఎవరు, మిగతావాళ్లు ఏం పాపం చేసినారు అని గ్రేసీ అడిగింది.

ఆ ఏడాది చలికాలంలో తిరుపతిలో కృత్రిమ కాళ్లు పెట్టే శిబిరం జరుగుతుందని తెలిసి, ఆమె కుప్పయ్యకు ఫోన్ చేసింది. పలమనేరు నుంచి తెల్లారి బస్సు ఎక్కి తిరుపతి బస్టాండులో దిగేసరికి కుప్పయ్య, శకుంతలమ్మ ముందే వచ్చి ఉన్నారు. మనిషి సగమయ్యాడు. ఆ కోతల్లో తోటాయన కాయలు ఏరి గ్రేడు కట్టే పని ఇచ్చాడట. కింద కూర్చుని చేసే పని. పైన కొమ్మల్లో వేరేవాడు కాయకు దెబ్బ తగిలిస్తుంటే చూస్తూ ఉండడం కాలు పోయినదానికన్నా కష్టంగా ఉండిందని దారిలో చెప్పాడు. గ్రేసీ ఆటోలో పక్కన కూర్చుని, అతని కర్రలు తన ఒడిలో పెట్టుకుంది.

శిబిరంలో రెండు వందల మంది. పేర్లు లేవు, అట్ట ముక్కల మీద నెంబర్లు ఇచ్చారు. కుప్పయ్య వంతు వచ్చాక, కొలత తీసే కుర్రాడు ఫోన్‌లో మాట్లాడుతూనే వచ్చి, మొండి కాలును చేత్తో పైకెత్తి టేపు చుట్టబోయాడు. గ్రేసీ నోరు తెరిచింది. ఆమెకన్నా ముందే కుప్పయ్య వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"అబ్బా, ఆగు. ఏం సేయబోతా ఉండావో ముందు నాకు సెప్పు. సెప్పి ముట్టుకో."

కుర్రాడు బిత్తరపోయాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు మెడలు సాచి చూశారు. ఫోన్ జేబులో పెట్టుకుని, వాడు తడబడుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ఇక్కడ చుట్టుకొలత తీస్తానని, తర్వాత పిండికట్టు వేసి అచ్చు తీసుకుంటానని, అది ఆరేదాకా కొంచెం వెచ్చగా ఉంటుందని, నొప్పి ఉండదని చెప్పాడు. కుప్పయ్య అంతా విని, ఈ పెట్టే కాలు ఎన్నాళ్లు వస్తుంది, వానలో తడిస్తే ఏమవుతుంది అని అడిగాడు. పక్క కుర్చీలో ఉన్న ముసలామె, నాకూ అదే సెప్పు నాయనా అంది.

గ్రేసీ తెరిచిన నోరు మూసుకుని, శకుంతలమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది.